బోర్డు మీద రాసిన పేర్లు

నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయిని జూన్‌లో బడి తెరవగానే క్లాస్ లీడర్‌ని చేశారు. జేబు మీద పెట్టుకోవడానికి ఎర్ర బ్యాడ్జి ఇచ్చారు. ఆ బ్యాడ్జితో పాపని గుమ్మంలో నిలబెట్టి ఫోటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా అమ్మ వెంటనే ఫోన్ చేసి "అచ్చం నీ పోలికే" అంది. నిజం చెప్పాలంటే ఆ రోజు పాపకంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను. ఆ సంబరాన్ని కాస్త విప్పి చూసుకోవాలనే ఇది రాస్తున్నాను.

క్లాస్ లీడర్ పని ఏమిటో మనలో చాలామందికి తెలుసు. టీచర్ బయటికి వెళ్ళినప్పుడు బ్లాక్‌బోర్డుకి ఒక పక్కన నిలువు గీత గీసి మాట్లాడినవాళ్ళ పేర్లు రాయాలి. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ పెట్టాలి. మా పాపది ఇంగ్లీషు మీడియం బడి కాబట్టి ఇంకో నియమం కూడా ఉంది. తెలుగులో మాట్లాడినవాళ్ళ పేరు పక్కన 'టి' అనే అక్షరం రాయాలి. 2009లో కడప జిల్లా మైదుకూరులో, తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు వేలాడదీశారన్న వార్త వచ్చినప్పుడు నేను ఎం.ఏ. విద్యార్థినిని. క్యాంటీన్‌లో బల్ల గుద్ది మాట్లాడాను. తర్వాత తెలుగు కథల మీదే డాక్టరేట్ చేశాను. అదే నేను, నా కూతురు ఈ 'టి' సంగతి చెబితే నవ్వి ఊరుకున్నాను.

ఆగస్టులో ఒక సాయంత్రం అన్నం తింటూ పాప చెప్పింది, "ఇవాళ ఇద్దరి పేర్లు రాశాను" అని. అందులో ఒకటి ఒకటో తరగతి నుంచీ తన పక్కనే కూర్చునే స్నేహితురాలి పేరు.

"ఏం మాట్లాడిందేమిటి?" అన్నాను.

"నాతోనే మాట్లాడిందమ్మా. నేను బోర్డు దగ్గరికి వెళుతుంటే రిబ్బను ఊడిపోయిందని వెనక నుంచి జడ పట్టుకుంది. 'ఆగవే, కట్టనీ' అంది. తెలుగులో అంది కదా, అందుకని టి కూడా రాశాను."

"మరి రిబ్బను కట్టించుకున్నావా?"

"ఊఁ. కట్టించుకుని రాశాను."

టీచర్ వచ్చి ఆ పిల్లని రెండు పీరియడ్లు క్లాసు బయట నిలబెట్టింది. డైరీలో రాసి, అమ్మానాన్నల సంతకం తెమ్మంది. "నీకేమీ అనిపించలేదా?" అని అడిగాను. పాప చెయ్యి కంచంలో ఆగింది. "అనిపించింది. కానీ అది మాట్లాడింది కదా. రాయకపోతే అబద్ధం చెప్పినట్టే కదా. అబద్ధం చెప్పమంటావా?"

నా దగ్గర జవాబు లేదు. "ముందు అన్నం తిను, రేపు మాట్లాడుకుందాం" అన్నాను.

*

పాపకి ఈ బడిని ఎంచుకున్నది నేనే. మూడు బడులు తిరిగాను. ప్రతిచోటా మొదట అడిగిన ప్రశ్న ఒకటే: "డిసిప్లిన్ ఎలా ఉంటుందండీ?" ఈ బడి కరపత్రంలో "విలువలతో కూడిన విద్య" అని ఉంది. వారానికి ఒక మోరల్ సైన్స్ పీరియడ్ ఉంది. నాకు నచ్చింది. ఉద్యోగం, ఇల్లు, పేపర్లు, సెమినార్ల మధ్య నేను చెప్పలేనిది బడి చెబుతుందనుకున్నాను. ఫీజు కట్టి రసీదు తీసుకున్నట్టే విలువలు కూడా ఇంటికి చేరతాయనుకున్నాను కాబోలు.

బడి నా కూతుర్ని ఎలా తీర్చిదిద్దాలని ఆశించాను? నిజం చెప్పాలి. భయపడకూడదు. అన్యాయం జరిగితే అడగాలి. పక్కవాళ్ళ కష్టం పట్టించుకోవాలి. ఇది నా జాబితా. దీనికి పక్కనే, నేను ఎవరితోనూ పైకి అనని ఇంకో జాబితా ఉంది. బడి నుంచి ఫిర్యాదులు రాకూడదు. టీచర్లకి నచ్చాలి. మంచి మార్కులు రావాలి. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదు. ఈ రెండు జాబితాలూ ఒకే పిల్లలో ఇమడవని, ఎక్కడో ఒకచోట ఒకదాన్ని పట్టుకుంటే రెండోది వదిలెయ్యాల్సి వస్తుందని నాకు తట్టలేదు. ఆ సంగతి రిబ్బను రోజున తెలిసింది. పాప అప్పటికే ఎంచుకుంది. తను ఎంచుకున్నది నా రెండో జాబితాని. బ్యాడ్జి ఫోటోతో నేను మెచ్చుకున్నదీ దాన్నే.

అలా అని "అబద్ధం చెప్పమంటావా" అన్న ప్రశ్నని కొట్టిపారెయ్యడానికి లేదు. తొమ్మిదేళ్ళ పిల్లకి అది నిజమైన ప్రశ్న. మోరల్ సైన్స్ పుస్తకంలో హరిశ్చంద్రుడి పాఠం ఉంది. గాంధీ చిన్నప్పుడు చూసిన హరిశ్చంద్ర నాటకం తనని వెంటాడిందని ఆత్మకథలో రాసుకున్నారని ఆ పాఠం చివర ఉంది. తెలుగునాట బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం ఊరూరా ఆడింది. కాటిసీను కోసం జనం తెల్లవార్లూ కూర్చునేవాళ్ళు. మా అమ్మమ్మ కూడా చూసింది. ఇంటికొచ్చి, "ఆయన మాట ఆయన నిలబెట్టుకున్నాడు సరే, అమ్ముడుపోయిందెవరు?" అనేదట. చదువుకోని అమ్మమ్మ వేసిన ఈ ప్రశ్న పాప పుస్తకంలో పాఠం వెనక ఇచ్చిన ప్రశ్నల్లో లేదు. హరిశ్చంద్రుడి సత్యానికి చంద్రమతీ లోహితాస్యుడూ వెల కట్టారు. ఒకరి సత్యవ్రతానికి ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు అని అడగకుండా సత్యం గురించి పిల్లలకి చెప్పడం సగం చెప్పడమే.

మన పురాణాల్లోనే ఇంకో కథ ఉంది. అది బడి పుస్తకాల్లోకి ఎక్కినట్టు నేనెప్పుడూ చూడలేదు. మహాభారతం కర్ణపర్వంలో, గాండీవాన్ని నిందించినవాణ్ణి చంపుతానన్న ప్రతిజ్ఞ కోసం అర్జునుడు అన్నగారి మీదికే కత్తి దూస్తాడు. అప్పుడు కృష్ణుడు అతనికి కౌశికుడి కథ చెబుతాడు. కౌశికుడు ఎప్పుడూ నిజమే చెబుతానని వ్రతం పట్టిన తపస్వి. దొంగలు తరుముతుంటే కొందరు వచ్చి ఆయన ఉండే చోటికి దగ్గర్లోని అడవిలో దాక్కుంటారు. దొంగలు వచ్చి అడుగుతారు. ఆయన నిజం చెబుతాడు. దొంగలు వాళ్ళని చంపేస్తారు. కౌశికుడు నరకానికి పోతాడు.

మర్నాడు పాపకి ఈ కథ చెప్పాను. శ్రద్ధగా విని, "మరి మా మేడమ్ దొంగ కాదు కదా?" అంది.

*

నిజమే, ఆమె దొంగ కాదు. పాతికేళ్ళు దాటని అమ్మాయి. నలభై అయిదుమంది పిల్లలు, రోజుకి ఏడు పీరియడ్లు, సంచీలో ఇంటికి మోసుకెళ్ళే నోట్సులు. క్లాసులో కెమెరా ఉంది. క్లాసు గోలగా ఉంటే, సిలబస్ వెనకబడితే, ఆమె పేరు ఇంకెక్కడో ఇంకో బోర్డు మీదికి ఎక్కుతుంది. మన ఊళ్ళలో ప్రైవేటు బడుల్లో చిన్న తరగతులకి చెప్పేది ఎక్కువగా ఇలాంటి ఆడవాళ్ళే. తక్కువ జీతానికి, ఎప్పుడు పొమ్మంటారో తెలియని ఉద్యోగంలో ఉంటారు. ఆమెను చెడ్డదాన్ని చేసి నేను బయటపడితే అది కూడా ఒకరకంగా బోర్డు మీద పేరు రాయడమే.

కాబట్టి అడగాల్సింది ఆ టీచర్ గురించి కాదు, ఆ ఏర్పాటు గురించి. అమెరికన్ విద్యావేత్త ఫిలిప్ జాక్సన్ 1968లో రాసిన 'లైఫ్ ఇన్ క్లాస్‌రూమ్స్' అనే పుస్తకంలో, బడి పైకి చెప్పే పాఠాలతో పాటు చెప్పకుండా నేర్పే పాఠాలు ఉంటాయని, వాటిని గుప్త పాఠ్యప్రణాళిక అనవచ్చని అన్నాడు. మోరల్ సైన్స్ పీరియడ్ వారానికి నలభై నిమిషాలు. బోర్డు మీది నిలువు గీత వారమంతా ఉంటుంది. 'పొరుగువారికి సాయపడు' అన్న పాఠం చదివిన రోజే, సాయపడిన పిల్ల బయట నిలబడింది. పిల్లలు ఈ రెండింట్లో దేన్ని నమ్ముతారు?

ఇంకో విషయం నన్ను బాగా కలవరపెట్టింది. మా పాప సెక్షన్‌లో ఇంతవరకూ లీడర్లు దాదాపు అందరూ ఆడపిల్లలే. దాన్ని నేను గర్వంగానే చెప్పుకున్నాను, ఆడపిల్లలకి నాయకత్వం ఇస్తున్నారని. పేరెంట్స్ మీటింగ్‌లో అసలు కారణం తెలిసింది. "ఆడపిల్లలైతే సిన్సియర్‌గా రాస్తారండీ, స్నేహితులని వదిలెయ్యరు" అని టీచర్ మెచ్చుకోలుగానే అంది. అంటే ఇది నాయకత్వం కాదు, కాపలా. నియమం ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగే హక్కు ఆ పిల్లకి లేదు. తనతోటి వాళ్ళని కనిపెట్టి పైవాళ్ళకి అప్పజెప్పే అధికారం మాత్రం ఉంది. పితృస్వామ్యం ఆడవాళ్ళకి ఎప్పుడు అధికారం ఇచ్చినా ఎక్కువగా ఇలాగే ఇచ్చింది. కోడలి మీద అత్తకి ఇచ్చింది. హాస్టల్ పిల్లల మీద వార్డెన్‌కి ఇచ్చింది. అధికారం దక్కాలంటే ముందు తాను లొంగి ఉండాలి, తర్వాత మరొకరిని లొంగదియ్యాలి.

ఆడపిల్లల బడి మనకి వచ్చిన దారి కూడా గుర్తుకొస్తుంది. వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచారు. 1883లో స్త్రీల కోసం 'సతీహితబోధిని' పత్రిక పెట్టారు. చదువుకున్న ఆడది చెడిపోతుందనే రోజుల్లో అది ఎంత సాహసమో తెలుసు. దానివల్లే మనం ఇవాళ ఇలాంటి పత్రికలో రాస్తున్నాం, చదువుతున్నాం. కానీ ఆ పత్రిక పేరులోనే ఒక షరతు ఉంది. చదువు ఆడపిల్లని మంచి ఇల్లాలిని చేస్తుందన్న హామీ మీదే బడి తలుపులు తెరుచుకున్నాయి. నూటయాభై ఏళ్ళు గడిచాయి. ఇల్లాలి మాట ఇప్పుడు ఎవరూ అనరు. 'లీడర్' అంటారు. కానీ ఆడపిల్ల శీలం అనగానే ఇంకా మన మనసులో మొదట మెదిలేది వినయమే.

*

నైతికత గురించి మాట్లాడేటప్పుడు మనలాంటివాళ్ళకి కేరల్ గిల్లిగన్ గుర్తుకురాక మానదు. పిల్లల నైతిక వికాసానికి మెట్లు కట్టిన లారెన్స్ కోల్‌బర్గ్ తన సిద్ధాంతానికి ఆధారంగా ఏళ్ళ తరబడి గమనించింది 84 మంది మగపిల్లల్ని. ఆ మెట్ల మీద ఆడపిల్లలు కింద తేలడం గిల్లిగన్ 1982లో 'ఇన్ ఎ డిఫరెంట్ వాయిస్'లో ప్రశ్నించింది. అందులో పదకొండేళ్ళ పిల్లలిద్దరికి ఒకే చిక్కు ఇస్తారు. భార్య చనిపోబోతోంది, మందు కొనడానికి భర్త దగ్గర డబ్బు లేదు, దొంగిలించవచ్చా? డబ్బుకంటే ప్రాణం గొప్పది కాబట్టి దొంగిలించవచ్చంటాడు అబ్బాయి. లెక్క చేసినట్టు చెబుతాడు. అమ్మాయి అలా తేల్చదు. దొంగతనం చేస్తే జైలుకి పోతాడు, ఆమె జబ్బు ఇంకా ముదిరితే చూసేదెవరు, అప్పు అడగవచ్చు కదా, మందులవాడితో కూర్చుని మాట్లాడవచ్చు కదా అంటుంది. కోల్‌బర్గ్ కొలతలో ఆ అమ్మాయికి తక్కువ వచ్చింది. ఆ పిల్ల ఆలోచన తక్కువది కాదు, వేరేది అంది గిల్లిగన్. మనుషుల్ని విడివిడిగా కాక, సంబంధాల మధ్య చూసే ఆలోచన అది.

ఈ వాదంలో ఉన్న ప్రమాదం మనకి తెలియనిది కాదు. పట్టించుకోవడం ఆడవాళ్ళ సహజగుణం అనేస్తే చాకిరీ అంతా మళ్ళీ మన నెత్తినే పడుతుంది. అయినా ఆ రోజు క్లాసులో జరిగింది అర్థం చేసుకోవడానికి నాకు ఇదే పనికొచ్చింది. ఒక పిల్ల ఎవరూ చెప్పకుండానే స్నేహితురాలి ఊడిన జడ చూసింది. లేచింది, కట్టింది. దానికి కావలసిన రెండు మాటలు తనకొచ్చిన భాషలో అంది. ఆ రోజు ఆ గదిలో 'విలువ' అనదగింది ఏదన్నా ఉంటే అదే. మా పాప కూడా అది గుర్తించింది. లేకపోతే కట్టించుకోదు. ప్రేమని తీసుకుని, తర్వాత నియమానికి అప్పజెప్పింది. రెండూ ఒకే నిమిషంలో చెయ్యగలిగింది. ఆ నేర్పు తొమ్మిదేళ్ళకే ఎలా వచ్చిందని చాలా రోజులు ఆలోచించాను.

జవాబు మా ఇంట్లోనే దొరికింది. పరిశోధన చేసే రోజుల్లో హాస్టల్లో ఆడపిల్లలకి రాత్రి ఎనిమిదికే గేటు మూసేసేవాళ్ళు. మగపిల్లల హాస్టల్‌కి ఆ నియమం లేదు. లైబ్రరీ మాత్రం పది దాకా ఉండేది. అమ్మాయిలు ఒక వినతిపత్రం రాసి గదిగదికీ తిరిగి సంతకాలు పెట్టించారు. నేను పెట్టలేదు. గైడ్‌కి తెలిస్తే బాగుండదని, ఫెలోషిప్ కాగితాలు కదలవని. వాళ్ళు గెలిచాక తొమ్మిదిన్నర దాకా లైబ్రరీలో కూర్చుని నా అధ్యాయాలు రాసుకున్నాను. ఆ సిద్ధాంత గ్రంథం స్త్రీల కథల్లో ధిక్కారస్వరం గురించి. కట్టించుకుని రాసినదాన్ని నేను కూడా. మా అమ్మ అన్నది నిజమే, అచ్చం నా పోలికే.

*

సెప్టెంబరులో బడి నుంచి పిలుపు వచ్చింది. అప్పటికి ఆ స్నేహితురాలు బెంచీ మారింది. మా పాప మూడు రోజులుగా బోర్డు మీద ఎవరి పేరూ రాయడం లేదు. గీత గీసి, ఖాళీగా వదిలి, వచ్చి కూర్చుంటోంది. ఇది నేను చెప్పి చేయించింది కాదు. కథ విన్నందుకో, బెంచీ ఖాళీ అయినందుకో నాకు తెలియదు. "మీ పాపకి బాధ్యత తగ్గింది, ఇంట్లో ఏదన్నా సమస్యా?" అని హెడ్‌మిస్ట్రెస్ మర్యాదగా అడిగింది. పాప నా పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

చెప్పాల్సింది చాలా ఉంది. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 పిల్లల్ని శారీరకంగా శిక్షించకూడదనీ, మానసికంగా వేధించకూడదనీ చెబుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. చలం 'బిడ్డల శిక్షణ' గురించి సభల్లో గంటసేపు మాట్లాడగలను. అక్కడ నా నోటి నుంచి వచ్చిన మాట, "సారీ మేడమ్, ఇంట్లో చెబుతాను."

ఆటోలో సగం దూరం వచ్చాక పాప అడిగింది. "నువ్వెందుకు సారీ చెప్పావు? నేను తప్పు చేశానా?"

బడి పిల్లలకి ఏ విలువలు నేర్పుతుందన్న నా ప్రశ్న ఆ ఆటోలో తలకిందులైంది. బడికి బాధ్యత లేదని కాదు, చాలా ఉంది. కానీ పెద్దవాళ్ళు అధికారం ముందు ఎలా నిలబడతారన్నది పిల్లలు ప్రతిచోటా చదువుతూనే ఉంటారు. టీచర్ హెడ్‌మిస్ట్రెస్ ముందు ఎలా ఉంటుందో, అమ్మ ఆ గదిలో ఎలా ఉంటుందో చూస్తారు. నా కూతురు జీవితంలో మొదటిసారి ఒక నైతిక నిర్ణయం తనంతట తాను తీసుకుంది. దానికి మూల్యం చెల్లించడానికి నిలబడి ఉంది. నేను దాన్ని 'సమస్య'గా ఒప్పుకుని క్షమాపణ చెప్పాను. బడి నా బిడ్డకి వెన్నెముక ఇవ్వాలని ఆశించినదాన్ని, ఆ వెన్నెముక కనబడగానే వంచడానికి చెయ్యి వేశాను.

"తప్పు చెయ్యలేదు నాన్నా. నేను భయపడ్డాను" అన్నాను. నమ్మినట్టే చూసింది. అమ్మలు కూడా భయపడతారా అని మాత్రం అడగలేదు.

తర్వాత ఒక ఉత్తరం రాశాను. తెలుగులోనే రాశాను. పిల్లల చేత పిల్లల పేర్లు రాయించడం ఆపమని, 'టి' అక్షరం తీసెయ్యమని, టీచర్ లేని సమయంలో పిల్లలు నెమ్మదిగా మాట్లాడుకునే వీలు ఇవ్వమని అడిగాను. ఆ టీచర్‌ని ఏమీ అనవద్దని కూడా రాశాను. సంతకాల కోసం అయిదారు ఇళ్ళకి వెళ్ళాను. ఇద్దరు తల్లులు పెట్టారు. అందులో ఒకామె ఆ రిబ్బను కట్టిన పిల్ల తల్లి. లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చింది. ఉత్తరం రెండుసార్లు చదివి, "మా పిల్ల డైరీ మీద ఆ రోజు నేను పెట్టిన సంతకం ఇంకా గుర్తుంది" అంటూ సంతకం చేసింది. మిగతావాళ్ళు "పిల్లలు అక్కడే చదవాలి కదండీ" అన్నారు. వాళ్ళని తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆ మాట హాస్టల్లో నేను అన్నదే.

బడి జవాబు ఇవ్వలేదు. 'టి' రాయడం మాత్రం ఆగిందని పాప చెప్పింది. పేర్లు ఇంకా రాస్తున్నారు. బ్యాడ్జి ఇంకో అమ్మాయికి వెళ్ళింది. మొన్న బోర్డు మీద మా పాప పేరు ఉందట, ఒక ఇంటూ కూడా ఉందట.

"ఎవరితో మాట్లాడావు?" అన్నాను.

పేరు చెప్పింది. ఆ పిల్ల ఇంకా వెనక బెంచీలోనే కూర్చుంటోందట. మా పాప వెనక్కి తిరిగి ఏదో చెప్పిందట. ఆ పిల్ల జవాబు చెప్పలేదట, అందుకని దాని పేరు పడలేదు.

డైరీలో నా సంతకం కావాలంది. పెట్టాను.